ముందు కిటికీ చూడండి

సన్నని గీత కావాలంటే 0.2 మిల్లీమీటర్ల నాజిల్ కొనమని, ఎయిర్‌బ్రష్ పట్టబోయే కొత్తవాళ్లకు ఇచ్చే సలహా ఈ వారం మళ్లీ కంటపడి చిరాకు పుట్టించింది. గాలి ముందు, బ్రష్ తర్వాత అని నేను పట్టుబట్టడం ఈ కాలమ్ పాత పాఠకులకు తెలిసిందే. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్ గాలిని విడివిడి తోపులుగా పంపుతుంది. ఆ అదురు 1/48 స్కేలు మోడల్ విమానం రెక్క మీద రంగులో కనిపించవచ్చు. మూడు లీటర్ల ట్యాంకు ఉంటే ఒత్తిడి నిలకడగా ఉంటుంది, మోటారుకూ మధ్యమధ్య విరామం దొరుకుతుంది. విశాఖ, కాకినాడల్లో ఇది మరీ ముఖ్యం. తేమ గాలిని నొక్కి పెట్టి చల్లారనిస్తే నీరు దిగుతుంది. దాన్ని పట్టే ట్యాంకు, ఫిల్టరు లేకపోతే ఆ చుక్క మోడల్ మీదే పడుతుంది. ఎంత ఖరీదైన ఇవాటా బ్రష్ అయినా దాన్ని ఆపలేదు. చేతిలో ఉన్న డబ్బు కొంచెమే కదా అంటారు. ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే డ్యూయల్ యాక్షన్ బ్రష్ మామూలుది తీసుకుని, మిగిలింది కంప్రెసర్ మీద పెట్టడమే నయం.

ఇంతవరకు నా పాత వాదనే. కానీ అదీ అసలు మొదలు కాదని ఇప్పుడు అనిపిస్తోంది. మిస్టర్ కలర్ వంటి లాకర్ రంగులను తగినంత థిన్నర్‌తో పలచన చేస్తే సన్నని నాజిల్లోంచి హాయిగా పారతాయి. వయేహో వంటి నీటి యాక్రిలిక్కులు సూది మొన మీదే ఆరి అడ్డుపడతాయి, మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. వాటికి 0.3 లేదా 0.4 నాజిలే అనువు. అంటే నాజిల్‌ను తేల్చేది రంగు. ఆ రంగును తేల్చేది గది. లాకర్ ఆవిరి గుడ్డ మాస్కుకు ఆగదు, నిప్పంటుకునే గుణమూ ఉంది. కార్బన్ కార్ట్రిడ్జ్ మాస్కు, ఆవిరిని బయటికి పంపే ఏర్పాటు రెండూ కావాలి. నీటి రంగుకు వాసన లేకపోయినా దాని తుంపర ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పదు. తలుపు తీసి ఉంచితే చాలదా అంటే, ఆ ఆవిరి పిల్లలు పడుకునే గదిలోకే పోతుంది.

ఆవిరి పోయే పైపు బయటికి వదలడానికి కిటికీ లేని అపార్ట్‌మెంట్ గదిలో లాకర్ జోలికి పోకండి. నీటి రంగులు, 0.3 నాజిల్, ట్యాంకున్న కంప్రెసర్ కొనుక్కోండి. కిటికీ ఉంటే, 0.2 నాజిల్‌కు దాచిన డబ్బుతో ముందు ఆవిరిని బయటికి పంపే స్ప్రే బూత్ కొనండి.