ఆగడం తెలిసిన వరి

ముదురాకుపచ్చగా ఎదిగిన మడిని చూసి గట్టు మీద నిలబడ్డవాళ్లు 'ఏపుగా ఉంది' అంటారు. ఆ మాట వినడానికే యూరియా ఇంకో బస్తా పడుతుంది. పక్క చేను రైతు చూపు కూడా ఎరువు మోతాదును నిర్ణయిస్తుంది మరి. నత్రజని మితిమీరితే ఆకు మెత్తబడుతుంది, కాండం సాగి బలహీనపడుతుంది, దుబ్బుల మధ్య గాలి ఆడదు. దోమపోటు, అగ్గితెగులు, పాముపొడ చెలరేగేది ఇలాంటి మడిలోనే. వాటిని దాటుకొచ్చినా కంకి బరువెక్కాక ఒక్క గాలివానకు చేను పడిపోతుంది. అందుకే ఎదిగే వేగాన్ని బట్టి మొక్క సత్తువను అంచనా వేయడం తప్పంటాను. కష్టకాలంలో కూడబెట్టుకున్నది ఎలా వాడుకుంది, ఆ తర్వాత ఎలా తేరుకుంది అన్నవే చూడాలి.

దీనికి మంచి సాక్ష్యం స్వర్ణ. మార్టేరు పరిశోధన స్థానం 1982లో విడుదల చేసిన ఈ రకం (ఎంటీయూ 7029) తక్కువ నత్రజనితోనూ బాగా పండుతుందని పేరు తెచ్చుకుంది, కానీ ముంపుకు తాళలేదు. నీట మునిగిన మామూలు వరిలో ఇథిలీన్ వాయువు పేరుకుంటుంది. దాని ప్రేరణతో మొక్క పైకి తేలాలని ఆకులూ కాండమూ సాగదీస్తూ ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుపెట్టేస్తుంది. నీరు తీసేసరికి నిలబడే శక్తి ఉండదు. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ అనే పాత రకంలో మాత్రం సబ్1ఎ అనే జన్యువు ఆ సాగుడును అణచివేస్తుంది. మునిగి ఉన్నన్నాళ్లూ మొక్క ఎదుగుదల దాదాపు ఆపేసి నిల్వలు కాపాడుకుంటుంది, నీరు తీయగానే కొత్త ఆకు వేస్తుంది. ఆ గుణాన్ని కలిపి రూపొందించిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా ముంపును ఓర్చుకుంటుంది. ముంపు వేళ స్వర్ణనూ స్వర్ణ సబ్1నూ పక్కపక్కన కొలిస్తే, పొడుగు సాగేది చనిపోబోయే మొక్కే.

మరి బంగ్లాదేశ్ లోతునీటి వరి మాటేమిటని అడగవచ్చు. అది రోజుకు జానెడు కూడా సాగి బతుకుతుంది, నిజమే. అక్కడ నీరు నెలల తరబడి నిలుస్తుంది, ఆగి ఎదురుచూస్తే చావే. ఒకచోట బతికించే వేగమే మరోచోట చంపుతోందంటే, సత్తువ వేగంలో లేదు, సమయానికి తగినట్టు నడుచుకోవడంలో ఉంది. నేరుగా విత్తే పొలంలో కలుపును మించి లేవాలంటే మొలకకు వేగం కావాలన్న అభ్యంతరం ఇంకా గట్టిది, ఒప్పుకుంటాను. కానీ ఆ తొలి పరుగుకు పెట్టుబడి గింజలోని నిల్వే. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీసం 80 శాతం మొలక ఉండాలి. అది అన్నీ అనుకూలంగా అమర్చిన గదిలో తేలిన లెక్క. ఒకే మొలకశాతం ఉన్న రెండు లాట్లు, పైన గట్టిపడిన నేలలో వేస్తే వేరువేరుగా లేస్తాయి. అందుకే పరీక్షకులు గింజను వేడిలో, తేమలో కొన్నాళ్లు ఉంచి మళ్లీ మొలకెత్తిస్తారు. అక్కడ కూడా చూసేది ఓర్పునే.

ఈసారి పైపాటు యూరియా చల్లబోయే ముందు ఆకు రంగు పట్టిక తెప్పించుకోండి. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును దాని మీద ఆనించి చూడండి. మీ రకానికి చెప్పిన గడి కన్నా ఆకు పచ్చగా ఉంటే, గట్టు మీదివాళ్లు ఏమన్నా సరే, బస్తా విప్పకండి.