చౌక ప్రతి, చౌకబారు ప్రతి: పందొమ్మిదో శతాబ్దంలో పద్యం అచ్చుకెక్కిన తీరు

1. పరిచయం

సాహిత్య చరిత్రలు కవుల గురించి, కావ్యాల గురించి వివరంగా చెబుతాయి. ఆ కావ్యం పాఠకుడి చేతికి ఎలా చేరిందో, అతనికి దాన్ని కొనే స్తోమత ఉందో లేదో అంతగా చెప్పవు. ఈ భాగంలో మనం పరిశీలించేది ఆ విషయాన్నే.

తాళపత్రాల కాలంలో కావ్యం కావాలంటే లేఖకుడిచేత రాయించుకోవాలి. అది జమీందార్లకు, మఠాలకు, పండిత కుటుంబాలకు సాధ్యమయ్యే పని. 1835లో అచ్చుపై ఆంక్షలు తొలగాక మద్రాసులో దేశీయుల ముద్రణాలయాలు పెరిగాయి. తెలుగు పద్యం అంగడికి వచ్చింది.

2. మూడు మార్గాలు

మొదటిది సి.పి. బ్రౌన్ మార్గం. ఆయన పండితులకు జీతాలిచ్చి, ప్రతులను పోల్చి చూపించి, 1829లో 693 వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో ప్రచురించాడు. 1839 నాటి ముద్రణలో ఆ సంఖ్య 1,164కు చేరింది. ఈ కృషి విలువ కాదనలేనిది. అయితే పద్యం పక్కన ఉన్న ఇంగ్లీషు అనువాదమే ఆ పుస్తకం ప్రధానంగా ఎవరి కోసమో చెబుతుంది. వేమన పద్యం వల్లెవేసే రైతు కోసం తయారైన పుస్తకం కాదది.

రెండోది మద్రాసు గుజిలీ బజారు మార్గం. నాసిరకం కాగితం మీద అచ్చయిన చిన్న పుస్తకాలు అక్కడ తక్కువ ధరకు దొరికేవి. తప్పుల తడకలని పండితులు వాటిని ఈసడించారు. నేటికీ 'గుజిలీ ప్రతి' అంటే నిందే.

మూడోది వావిళ్ల రామస్వామి శాస్త్రులు మార్గం. 1854లో మద్రాసులో ముద్రణాలయం స్థాపించిన ఆయన పండిత పరిష్కారాన్నీ, మార్కెట్టునూ కలిపారు. 1891లో ఆయన మరణించాక కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు ఆ సంస్థను విస్తరించారు.

3. శతకానికి ఉన్న అనుకూలత

చౌక అచ్చుకు శతకం చక్కగా సరిపోయింది. నూరు పైచిలుకు పద్యాలు కొద్ది పుటల్లో ఇమిడిపోతాయి. ప్రతి పద్యం స్వతంత్రమైనది కాబట్టి ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. వీధిబడిలో విన్న పద్యమే పుస్తకంలో కనిపిస్తుంది కనుక అరకొర చదువు వచ్చినవాడూ కూడబలుక్కోగలడు. 1901 జనగణన నాటికి కూడా మద్రాసు రాజధానిలో అక్షరాస్యులు నూటికి పదిమంది లేరు. కాబట్టి ఒకరు చదివితే నలుగురు వినాలి. అలా బిగ్గరగా చదవడానికి అనువైన ప్రక్రియ శతకం.

4. విమర్శ

గుజిలీ ప్రతులపై పండితుల అభియోగం ఎంతవరకు న్యాయం? దీనికి ఒకే జవాబు చెప్పలేం. 'వసుచరిత్ర' వంటి శ్లేషకావ్యంలో ఒక్క అక్షరం మారినా రెండో అర్థం చెడిపోతుంది. అక్కడ తప్పుల ప్రతి పాఠకుణ్ణి మోసగించినట్టే. వేమన విషయం వేరు. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి మనకు లేదు. పద్యాలు నోటినుంచి నోటికి మారుతూ వచ్చాయి. పదేళ్లలో 693 కాస్తా 1,164 కావడమే అందుకు నిదర్శనం. ఇక్కడ పాఠభేదాన్ని వెంటనే తప్పు అని కొట్టిపారేయలేం. అది ఒక ఊరి జనం పాడుకున్న పాఠం కావచ్చు.

కాబట్టి చౌక వేరు, చౌకబారు వేరు. ధర తగ్గించడం ప్రజాస్వామిక చర్య. పాఠాన్ని అశ్రద్ధగా అచ్చువేయడం పేద పాఠకుణ్ణి చిన్నచూపు చూడటం. తక్కువ డబ్బు ఇచ్చేవాడికి తక్కువ నాణ్యత చాలన్న ఆ భావనను ఎదిరించడంలోనే వావిళ్ల ప్రాముఖ్యం ఉంది.

5. నేటి అన్వయం

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పాలుపంచుకున్న డిజిటల్ లైబ్రరీ ప్రాజెక్టులో పాత తెలుగు పుస్తకాలెన్నో స్కాన్ అయ్యాయి. మాదాపూర్‌లో షిఫ్టు ముగించుకుని వెళ్లే ఉద్యోగి తన ఫోన్‌లో అలాంటి పుస్తకాన్ని పైసా ఖర్చు లేకుండా చదవవచ్చు. అదే ఫోన్‌లోకి వేమన మకుటంతో ఏ ప్రతిలోదో తెలియని పద్యాలూ వస్తుంటాయి. ధర సమస్య చాలావరకు తీరింది గానీ, పాఠం నమ్మదగినదేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది. దాన్ని అడగడం పాఠకులుగా మీ బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శతక ప్రక్రియ చౌక ముద్రణకు ఎందుకు అనుకూలించింది?
2. మీకు కంఠస్థమైన ఒక వేమన పద్యాన్ని రెండు వేర్వేరు ముద్రణల్లో చూసి, పాఠభేదాలు రాయండి. వాటిలో ఏది ముద్రణ దోషం, ఏది పాఠాంతరం? కారణాలు చూపండి.