నల్లమల దారిలో మల్లయ్య చుట్టాలు

ఉగాది ఇంకా పది పదిహేను రోజులుందనగానే ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరు రోడ్ల మీద కన్నడం వినబడుతుంది. బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపు నుంచి, మహారాష్ట్రలోని సోలాపూర్ నుంచి కూడా, జనం వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలం వస్తారు. కొందరి భుజాన కావడి, కొందరి నెత్తిన మూట. అలంకరించిన ‘కంబి’ అనే దేవుడి కావడిని గుంపు మధ్యలో భుజాలు మార్చుకుంటూ మోసుకొస్తారు. దోర్నాల మీదుగా కొండకు బస్సులున్న సంగతి వాళ్లకు తెలియనిది కాదు. అయినా ఆత్మకూరు దాటాక వెంకటాపురం దగ్గర తారురోడ్డు వదిలేసి నల్లమలలోకి దిగుతారు. అక్కడి నుంచి గుడి దాకా నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా అడవే.

అడవిలో నడక, ఆధ్యాత్మికం అనగానే ఈమధ్య మనకు ఒంటరి మనిషే గుర్తొస్తాడు. వీపున సంచి, సెలవు పెట్టిన ఉద్యోగం, తనను తాను వెతుక్కునే తపన. నల్లమల దారి పట్టినవాళ్లను అడిగితే ఇంత పెద్ద మాటలు చెప్పరు. భ్రమరాంబ మా ఇంటి ఆడపడుచు, మల్లయ్య మా అల్లుడు, పండక్కి చీర, సారె తీసుకెళ్తున్నాం అంటారు. దేవుణ్ణి వెతకడానికి కాదు, ఇచ్చిన పిల్లను చూసి రావడానికి పోతున్నారు. ఈ యాత్రలోని కిటుకంతా ఈ చుట్టరికంలోనే ఉందని నాకనిపిస్తుంది. చుట్టాలింటికి వెళ్లేవాడికి దారి ఎంత కష్టమైనా మధ్యలో వెనక్కి తిరగడం ఉండదు.

ఇక దారి సంగతి. నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను. ఒక కుంట, ఒక చెరువు, ఒక బావి, ఒక కొలను. నీళ్లున్న చోటే మజిలీ, మజిలీల వరసే దారి. శివరాత్రికి వచ్చేవాళ్లకు కాస్త చలిగాలి తోడుంటుంది. ఉగాదికి ఆ దయ లేదు. ఫాల్గుణం ముగిసేసరికి చెట్లు ఆకు రాల్చేసి ఉంటాయి, నీడ పలచబడుతుంది, వాగులు ఎండిపోతాయి. అందుకే తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదరకముందే ఒక నీటి ఒడ్డున చేరగిలబడాలి. పొద్దు వాలాకే మళ్లీ కదలాలి. ఇప్పుడు ట్యాంకర్లతో నీళ్లు పోస్తున్నారు. సేవాకర్తలు మజిలీల దగ్గర మజ్జిగ, అన్నం, జొన్నరొట్టె పెడుతున్నారు. అయినా అనుభవమున్న పెద్దవాళ్లు నడిచే వేళలు మార్చుకోరు.

గుంపుగా నడవడం, అరుచుకుంటూ పాడుకుంటూ నడవడం భక్తి ఒక్కటే కాదు, జాగ్రత్త కూడా. ఇది ఇప్పపువ్వు రాలే కాలం. ఆ పువ్వంటే ఎలుగుబంటికి ప్రాణం. ఎలుగుకు హఠాత్తుగా మనిషి ఎదురుపడితేనే ప్రమాదం, దూరం నుంచే అలికిడి వినబడితే దాని దారిన అది పోతుంది. పాటకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. అలసిన కాలు సొంత బుద్ధితో నడవదు, పక్కవాడి గొంతును పట్టుకుని నడుస్తుంది. ఈ సంగతి పాతదే. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో పర్వత ప్రకరణమని ఒక భాగమంతా శ్రీశైల యాత్రకే కేటాయించాడు. తుమ్మెద పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ ఆనాటి జనం పాటల రకాలను పేర్లతో సహా మనకు అందించింది ఆయనే. కొండకు నడిచిన జనం నోళ్లలో అవి నానకపోయి ఉంటే ఆ పేర్లు కూడా మనకు దక్కేవి కావేమో.

భీముని కొలను దగ్గర దారి స్వభావం మారుతుంది. అంతదాకా ఎత్తుపల్లాలున్నా నడక నడకలాగే సాగుతుంది. అక్కడ మాత్రం ఒక లోయలోకి నిట్టనిలువునా దిగి, మళ్లీ అంతెత్తూ ఎక్కాలి. ఎక్కడం కంటే దిగడమే కష్టం, మోకాళ్లు ఆ మాట చెబుతాయి. అడ్డంగా తిరిగి ఒక్కో రాతిమెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, కర్రమీద బరువు వేసి దిగాలి. పైకెక్కితే కైలాసద్వారం, అది దాటితే హాటకేశ్వరం, గుడి ఇక దూరం లేదు. కష్టమంతా చివరికి పెట్టిన ఈ ఏర్పాటు కొండదే కానీ, మనుషులు దాన్ని మార్చాలనుకోలేదు. ఓపిక లేనివాళ్లూ ఎక్కగలిగేలా చేశారంతే. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పుణ్యాన్నే తన ఘనతగా చెప్పుకున్నాడు. రాజుకు కోట ఎంతో మెట్టూ అంతే అన్నమాట. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830లో కాశీకి బయల్దేరి, పెద్ద పరివారంతో ఆత్మకూరు మీదుగా ఈ దారినే వచ్చాడు. యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు సుంకం వసూలు చేసే తీరు మీద ఆయన చికాకు ‘కాశీయాత్ర చరిత్ర’లో దాగదు. ఆధ్యాత్మిక దారుల్లోనూ టోలుగేట్లు కొత్త కాదు.

కొందరు ఈ నడక కష్టం చాలనుకోరు. కర్రకాళ్లు కట్టుకుని నడుస్తారు. ఉగాది ముందురాత్రి గుడి ముందు వీరాచార విన్యాసాలు చేస్తారు, ఒంటికి శూలాలు గుచ్చుకుంటారు, నిప్పుల మీద నడుస్తారు. చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పత్రికల్లో ఫొటో దానిదే పడుతుంది. నాకు మాత్రం ఆ వేడుక కంటే ముందటి మజిలీల్లో ఒకరి అరికాలి బొబ్బకు ఇంకొకరు గుడ్డ చుట్టడమే పెద్ద సంగతిగా తోస్తుంది. ఎమ్మిగనూరు, కర్నూలు ఊళ్లలో ముక్కూమొహం తెలియనివాళ్లు రోడ్డు పక్కన కూర్చోబెట్టి వీళ్ల కాళ్లు పడతారు. సాటి భక్తుడి కాళ్లు పట్టడం కొండెక్కినంత పుణ్యమని వాళ్ల లెక్క.

చుట్టరికం కన్నడిగులదొక్కటే అనుకుంటే చెంచులు ఒప్పుకోరు. ఈ అడవి వాళ్లది. వేటకు వచ్చిన శివుడు తమ పిల్లను చేసుకున్నాడనేది వాళ్ల కథ, ఆ లెక్కన చెంచు మల్లయ్య వాళ్లకు ముందే అల్లుడు. నాగలూటి, పెద్దచెరువు గూడేల మీదుగానే యాత్ర సాగుతుంది. పూర్వం దారి చూపినా, డోలీ మోసినా, దొంగల నుంచీ జంతువుల నుంచీ కాచినా చెంచులే. ఇప్పుడు ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా పెద్దది. అందులో కాపలా తిరిగేవాళ్లలో ఎందరో చెంచు యువకులు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రమే కొద్దిరోజులు ఈ బాట తెరుస్తారు. అల్లుడింటికొచ్చిన చుట్టాలు ప్లాస్టిక్ సీసాలు, సంచులు పారేసి పోతే ఏరుకోవాల్సింది ఇంటివాళ్లే. ఒకప్పుడు విస్తరాకూ, సొరకాయ బుర్రా అడవిలోనే కలిసిపోయేవి. ఏడాదికేడాది ఏరివేతలు, తనిఖీలు పెరుగుతున్నాయి. నియమాలు పాటించేవాళ్లూ పెరిగితే బాగుణ్ణు.

మరి ఒంటరిగా వచ్చినవాళ్లు లేరా? ఉన్నారు. 12వ శతాబ్దంలో శివమొగ్గ సీమలోని ఉడుతడి నుంచి కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి వచ్చింది. రాజు కౌశికుణ్ణి కాదని, ఇల్లూ ఊరూ వదిలి, కల్యాణ పట్టణంలో శివశరణుడు అల్లమప్రభువు ముందు నిలిచి మాట్లాడి, ఆ తర్వాత ఈ అడవిలో కదళీవనం చేరిందని సంప్రదాయం చెబుతుంది. పాతాళగంగ నుంచి కృష్ణలో పడవ మీద వెళితే ఆమె పేరుతో గుహలున్నాయి. మన కాలపు ‘అన్వేషకుల’కు ఆమె ఆదర్శంగా కనబడుతుంది. కానీ ఆమె వచనాలన్నిటా ముద్ర చెన్నమల్లికార్జునుడు, ఆయన ఆమెకు భర్త. బంధాలు తెంచుకుని వచ్చిన మనిషి కూడా ఇక్కడికి చుట్టరికం కలుపుకునే వచ్చింది.

కొండ మీద ధూళి దర్శనం అని ఒక పాత పద్ధతి ఉంది. స్నానం, మడి లేకుండా దారి దుమ్ముతోనే లోపలికి వెళ్లి లింగాన్ని తాకవచ్చు. కులం అడగరు. దూరం నుంచి నడిచొచ్చిన చుట్టాన్ని ముందు కౌగిలించుకుని, తర్వాత కాళ్లకు నీళ్లిచ్చినట్టే. యాత్రికుల రద్దీతో స్పర్శ దర్శనానికి ఇప్పుడు వేళలు, క్యూలు వచ్చాయి. సూత్రం మాత్రం పాతదే, ఒంటికంటిన నల్లమల దుమ్ము మైల కాదు, అర్హత.

తిరుగు ప్రయాణానికి ఏ నియమమూ లేదు. ఉగాది ముగిసిన మరునాడు బస్టాండు కిక్కిరిసిపోతుంది. వచ్చేటప్పుడు వారం పది రోజులు నడిచినవాళ్లు సీటు కోసం కిటికీలోంచి తువ్వాళ్లు విసురుతారు, కండక్టరుతో కన్నడంలో వాదిస్తారు, దోర్నాల ఘాటు మలుపుల్లో ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతారు.