చిన్న చేతికి తగిన బాక్సు

పిల్లలకు లంచ్ బాక్సు కొనేటప్పుడు చాలామంది దాని మీద బొమ్మ చూస్తారు. నేను మూత చూస్తాను. ఎల్‌కేజీ పిల్ల దాన్ని తనంతట తాను తీసుకోగలదా లేదా అన్నదే నాకు మొదటి పరీక్ష. నాలుగు వైపులా గట్టి క్లిప్పులున్న ప్లాస్టిక్ డబ్బాలు, ఆవిరికి బిగుసుకుపోయే స్టీలు మూతలు... వీటితో కాసేపు కుస్తీ పట్టి, టీచరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడి, రెండు బిస్కెట్లు తిని ఊరుకునే పిల్లలు ఎందరో. సాయంత్రం బాక్సు అలాగే తిరిగొస్తే ఇంట్లోవాళ్లం పిల్లకి అన్నం సహించడం లేదు, డాక్టరుకి చూపించాలి అనుకుంటాం.

మూత గురించి నన్ను ఆలోచనలో పడేసింది మా అక్క కూతురు. తను టోక్యోలో నిషి కసాయ్ అనే పేటలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్లిన మన దేశం వాళ్లు ఎక్కువగా కాపురముండే చోటు అది. పాపను అక్కడి కిండర్‌గార్టెన్‌లో వేసినప్పుడు బడివాళ్లు ఇచ్చిన కాగితం ఫోన్లో చదివి వినిపించింది. "పిన్నీ, బాక్సు చిన్నదే పంపమన్నారు. పిల్ల మొత్తం తినేసి ఖాళీ బాక్సు చూపించి మురిసిపోవాలట. ఎక్కువ పెట్టి సగం మిగిల్చే అలవాటు చేయొద్దన్నారు." ఇంకా ఉన్నాయి. మూత, మూట కట్టిన గుడ్డ ముడి పిల్లే విప్పుకోవాలి. ముక్క ఏదైనా ఒక్క నోటికి సరిపోవాలి. కొత్త కూర ఏదైనా ముందు ఇంట్లో అలవాటు చేసి, తర్వాతే బాక్సులో పెట్టాలి. ఇన్ని చెప్పిన ఆ కాగితంలో కుందేలు చెవుల గురించి, పాండా ముఖాల గురించి ఒక్క ముక్క లేదు.

జపాన్ వాళ్లు లంచ్ బాక్సును బెంటో అంటారు. మనం ఫోన్లలో చూసే బెంటో అంతా ఆ చెవులూ ముఖాలే. ముచ్చటగానే ఉంటాయి, కాదనను. కార్టూన్ పాత్రల రూపంలో అన్నాన్ని తీర్చడాన్ని వాళ్లు క్యారాబెన్ అంటారు. అయితే బెంటో అంతకంటే చాలా పాతది. పొలానికి, ప్రయాణానికి పట్టుకెళ్లే అన్నం మూటగా మొదలైంది. 1885లో ఉత్సునోమియా రైల్వే స్టేషన్లో వెదురు పొరలో చుట్టి అమ్మిన రెండు అన్నం ముద్దలతోనే రైలు బెంటోలు మొదలయ్యాయని అక్కడ చెప్పుకుంటారు. మనకీ ఆ సంప్రదాయం తక్కువేం కాదు. నా చిన్నతనంలో మా హనుమాన్ జంక్షన్ మీదుగా బెజవాడ వెళ్లే బస్సుల్లో మనుషులతోపాటు క్యారియర్లూ ప్రయాణం చేసేవి. పల్లెలో తల్లి తెల్లారుజామున లేచి వండి, మూడు గిన్నెల క్యారియర్ కట్టి, కండక్టరు చేతికిస్తే, కాలేజీలో చదివే కొడుకు బస్టాండులో అందుకునేవాడు. పొలానికి సత్తు గిన్నెలో చద్దన్నం, దాని మీద మాగాయ ముక్క. అన్నాన్ని దూరం పంపడం కృష్ణా జిల్లా తల్లులకు ఎప్పుడో తెలిసిన పని. ఐదేళ్ల పిల్లకు పంపడం మాత్రం వేరే విద్య.

ఇక్కడి పొద్దు సంగతి చెప్పాలి. హనుమాన్ జంక్షన్‌లో ఉదయం ఏడున్నరకల్లా స్కూలు వ్యాన్ల హారన్లు మోగుతాయి. ఇటు గుడివాడ రోడ్డు, అటు నూజివీడు రోడ్డు, మధ్యలో బెజవాడ నుంచి ఏలూరు వెళ్లే హైవే. చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఇంకా ముందే వ్యాను ఎక్కుతారు. అంటే బాక్సులో అన్నం ఆరున్నరకు ఉడికిందన్నమాట. తినేది పన్నెండున్నరకు. మధ్యలో ఆరు గంటలు, మన జూన్ నెల ఎండలో, క్లాసు మూలన సంచిలో.

మనం చేసేదేమిటి? పొగలు కక్కే అన్నం బాక్సులో కుక్కి, వెంటనే మూత బిగిస్తాం. వేడిగా తింటుందని మన ఆశ. ఆ ఆవిరి మూతకు పట్టి నీరై మళ్లీ అన్నంలోకే దిగుతుంది. మధ్యాహ్నానికి చూస్తే అన్నం జిగటగా, కొంచెం వాసనగా ఉంటుంది. వండిన అన్నంలో కూడా బతికి ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవికి ఆ గోరువెచ్చని తడి బాగా నచ్చుతుంది. అది విషం పుట్టించాక మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. జపాన్ ఇళ్లలో అన్నాన్ని, కూరల్ని పూర్తిగా చల్లారనిచ్చాకే మూత పెడతారు. తొందరగా ఉంటే విసనకర్రతో విసురుతారు. మేము ఇంట్లో అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఫ్యాను కింద పెడుతున్నాం. పది నిమిషాల పని. కూరలో నీళ్లు లేకుండా ఇగరబెట్టడం, తడి ఆరని పచ్చి దోసకాయ ముక్కల్ని అన్నం పక్కన పెట్టకపోవడం, గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించడం... బెంటో ఆరోగ్యంలో సగం ఈ జాగ్రత్తలే.

ఈ ఎండకు మన పెద్దవాళ్లు కనిపెట్టినవీ మర్చిపోకూడదు. చింతపండు పులుపు, పసుపు, నూనె కలిసిన పులిహోర మధ్యాహ్నం దాకా చెక్కు చెదరదు. జపాన్ వాళ్లు అన్నం మధ్యలో ఉప్పులో ఊరిన పుల్లటి ఉమేబోషి కాయ పెట్టడంలో ఉన్న కిటుకూ అలాంటిదే. పెరుగన్నం సంగతి మరీ అందమైనది. అన్నాన్ని మెత్తగా మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేసి కలుపుతారు. పొద్దున అది పాలన్నం. సంచిలో ఉండగానే తోడుకుంటూ, గంట కొట్టేసరికి పులుపెక్కని కమ్మని పెరుగన్నం అవుతుంది. రైలు ప్రయాణాలకు మా అమ్మ ఇలాగే కలిపేది. దాని మీద నాలుగు దానిమ్మ గింజలు, సన్నగా తురిమిన క్యారెట్ వేస్తే చాలు, వేరే అలంకారం అక్కర్లేదు.

ఇక కొలత. బెంటో గురించి నేను నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు అక్కడ వాడే బాక్సు 300 నుంచి 400 మిల్లీలీటర్లు పడుతుంది, అంతే. ఒకటిన్నర, రెండు గ్లాసులు. అందులో అన్నం మూడు పాళ్లు, కూరగాయలు రెండు పాళ్లు, గుడ్డో చేపో పప్పుదినుసో ఒక పాలు. ఇలా పాళ్లు చూసి ఖాళీ లేకుండా సర్దితే, బాక్సు ఎన్ని మిల్లీలీటర్లో అందులో సుమారు అన్ని కేలరీలు ఉంటాయని వాళ్ల లెక్క. మన బాక్సు తీసి చూడండి. ముప్పాతిక మించి అన్నమే. మూలన రెండు చెంచాల ఆలుగడ్డ వేపుడు. కడుపు నిండుతుంది, ఒంటికి కావాల్సింది అందదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలోనూ అది 60 శాతం దాటింది. ఇంతటి పంట భూముల మధ్య ఈ అంకె చదివినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అందుకే మా ఇంటి బాక్సులో ఆకుకూర ఏదో ఒక రూపంలో ఉండి తీరుతుంది. తోటకూర పొడికూర మీద నిమ్మరసం పిండుతాం, లేదంటే పక్కన జామ ముక్క పెడతాం. ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి.

ముద్దల దగ్గరికి వస్తే మన బియ్యం కొంచెం ఇబ్బంది పెడుతుంది. జపాన్ బియ్యంలో అమైలోజ్ తక్కువ, అందుకే మెతుకు మెతుకు అతుక్కుంటుంది. మనం ఏళ్ల తరబడి పొడిపొడిగా ఉండే అన్నాన్నే మెచ్చుకున్నాం. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరికి అంత పేరొచ్చింది ఆ మెతుకు తీరు వల్లే కదా. దాంతో బొమ్మలు చేయబోతే విడిపోతాయి. చిట్టిముత్యాలు దొరికితే హాయి. లేకపోతే సాంబ మసూరినే ఇంకో అరగ్లాసు నీళ్లెక్కువ పోసి వండి, వేడి మీద ముద్దపప్పు, నెయ్యి వేసి మెదిపితే చక్కగా ముద్ద కడుతుంది. చేతికి ఉప్పునీళ్ల తడి చేసుకుని, చంటిపిల్లకి పెట్టే గోరుముద్ద కంటే కొంచెం పెద్దగా చుట్టాలి. ఒకదాన్ని నువ్వుల పొడిలో, ఒకదాన్ని కరివేపాకు పొడిలో దొర్లించాలి, మూడోదాన్ని తెల్లగానే ఉంచాలి. ఆ తెల్ల ముద్దకు రెండు నల్ల నువ్వులు అద్దితే కళ్లు, బీట్‌రూట్ చీలిక అంటిస్తే నోరు. జపాన్ వాళ్లు వాడే సముద్రపు నాచు కాగితాల కోసం ఆన్‌లైన్లో వెతకనక్కర్లేదు.

గుడ్డు చూసి మాత్రం మా మనవరాలు చప్పట్లు కొట్టింది. గట్టిగా ఉడికిన గుడ్డును వేడి మీదే పెంకు తీయాలి. మందపాటి శుభ్రమైన అట్టముక్కను మధ్యకు మడిచి, కాలువలా పట్టుకుని, అందులో గుడ్డును పొడవునా పడుకోబెట్టాలి. గుడ్డు మీద పెన్సిలంత లావున్న గుండ్రటి పుల్ల ఆనించి, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లతో అట్టకు బిగించాలి. పుల్ల కొంచెం లోపలికి దిగుతుంది, అంత దిగితే చాలు. అలాగే పూర్తిగా చల్లారనిస్తే గుడ్డు ఆ రూపంలోనే గట్టిపడుతుంది. పుల్ల తీసి అడ్డంగా కోస్తే, రెండు ముక్కలూ మధ్యలో పచ్చసొనతో హృదయం ఆకారంలో ఉంటాయి. పైసా ఖర్చు లేదు. గుడ్డు వాసనంటే ముఖం తిప్పుకునే పిల్ల, "నానమ్మా, రెండోది మా ఫ్రెండుకి ఇవ్వనా?" అని అడిగింది.

ఆకారం ఏదైనా చిన్నపిల్లల గొంతు గుర్తుపెట్టుకోవాలి. ద్రాక్షపళ్లు గుండుగా పెట్టకుండా నిలువునా చీల్చి పెట్టాలి. పల్లీలు, శనగలు గింజలుగా కాకుండా పొడిగానో ముద్దగానో ఇవ్వాలి. చూడ్డానికి బాగుంటాయని గుచ్చే పళ్లపుల్లలు ఈ వయసువాళ్ల బాక్సులో ఉండకూడదు.

బాక్సులో ఒక్క ముచ్చట చాలని నా గట్టి నమ్మకం. ఒక గుడ్డో, ఒక క్యారెట్ పువ్వో. మిగతాదంతా మామూలు అన్నం, మామూలు కూర. ఎందుకంటే ఈ ముద్దుదనం వెనక తల్లుల మీద పడే బరువు చిన్నది కాదు. ఆన్ ఆలిసన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తన కొడుకును జపాన్ నర్సరీ బడికి పంపిన అనుభవంతో 1991లో ఒక వ్యాసం రాశారు. పిల్లవాడి బెంటోను బట్టి తల్లి ఎంత మంచి తల్లో బడి, చుట్టుపక్కలవాళ్లు తూకం వేస్తారని, ఆ తూకం ఆడవాళ్లను వంటగదికి కట్టేస్తుందని ఆమె వాదన. అది చదివాక నాకు మన తల్లుల వాట్సాప్ గ్రూపులు గుర్తొచ్చాయి. ఒకరు పొద్దున్నే పాండా అన్నం ఫోటో పెడితే, నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సమ్మ తన కూతురి బాక్సులో పెట్టిన ఉప్మా చూసి బాధపడుతుంది. ఆ ఉప్మాలో క్యారెట్, బఠాణీ ఉంటే అది మంచి బాక్సే. బాధపడాల్సిందేమీ లేదు. ఇంకో సంగతి. గుడ్డు పెంకు తీయడానికి, అన్నం ఆరబోయడానికి తల్లే కానక్కర్లేదు. మా అబ్బాయి శనివారం బాక్సు తనే కడతాడు, ముద్దలు నాకంటే గుండ్రంగా చుడతాడు.

ప్రభుత్వ బడిలోనే భోజనం చేసే, బాక్సు అసలు కట్టనక్కర్లేని పిల్లలూ మన ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. జపాన్‌లో చిన్నపిల్లల బెంటో ఎక్కువగా కిండర్‌గార్టెన్ దాకానే. ప్రాథమిక బడిలో చేరాక దాదాపు అందరికీ బడిలోనే భోజనం. అక్కడ బడి భోజనం 1889లో త్సురువోకా అనే ఊళ్లో, బీద పిల్లల కోసం మొదలైంది. అన్నం ముద్ద, కాల్చిన చేప, ఊరగాయ పెట్టారు. 1954లో దానికి చట్టమే చేశారు. మనకు 2001లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాక, 2003 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండిపెట్టడం మొదలైంది. ఇప్పుడు మన రాష్ట్రంలో ఆ పథకం గోదావరి లంకల్లో ఆకలిగొన్నవాళ్లకు జీవితమంతా వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి పేరుతో నడుస్తోంది. కోడిగుడ్డు, చిక్కీ అందులో ఉన్నాయి. పోషణ లెక్క చూస్తే, కాన్వెంటు పిల్ల తీసుకెళ్లే నూడుల్స్ బాక్సు కంటే ఆ పళ్లెమే మేలు. ఆ పళ్లెం ముందు కూర్చున్న పిల్లకూ శుభ్రమైన నేల, ఆదరంగా వడ్డించే చెయ్యి అందాలి. నాకది కుందేలు చెవుల కంటే పెద్ద విషయం.

జపాన్ బడుల్లో టీచరు కూడా పిల్లలతో కలిసి తరగతి గదిలోనే తింటారు. 2005లో వాళ్లు ఆహార విద్య కోసం ప్రత్యేకంగా చట్టం చేసుకున్నారు. అన్నం తినడమూ అక్కడ పాఠంలో భాగమే. మన ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల భోజనం గంటంటే చేతులు కడగడానికి లైను, అరుపులు, పరుగులు, సగం తినేసరికి మళ్లీ గంట. మా వీధి తల్లులం, నానమ్మలం కలిసి ఈసారి పేరెంట్స్ మీటింగులో మూడు విషయాలు అడగాలనుకున్నాం. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు నెమ్మదిగా తినడానికి పూర్తిగా అరగంట, మూతలు తీసిపెట్టే ఆయా ఒకరు, వాళ్ల ఎత్తుకు అందే చేతులు కడిగే కుళాయి. మీ పిల్లల బడిలో భోజనానికి ఎన్ని నిమిషాలిస్తున్నారో ముందు కనుక్కోండి. బాక్సులో ఎంత పెట్టాలో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.