గాలి, పెట్రోలు పాళ్ళు చెప్పు గేజి: ఎంపికలో గుణదోష విచారణ

నిప్పు మండవలెనన్న గాలి కావలెనని పొయ్యి ఊదిన ప్రతివారికిని తెలియును. మోటారుకారు ఇంజనులోని నిప్పునకును ఇదియే నియమము. పొయ్యిలో గాలి చాలనిచో పొగ వచ్చును, అంతే. కాని వేగము కొరకు బలము పెంచిన ఇంజనులో పాళ్ళు తప్పినచో పిస్టనే కరగిపోవచ్చును. అందుచేత అట్టి కార్లు నడుపువారు గాలి, పెట్రోలు ఏ పాళ్ళలో మండుచున్నవో తెలుపు 'వైడ్‌బ్యాండు' గేజిని డాష్‌బోర్డుపై అమర్చుకొందురు. బజారులో ఇట్టివి అనేకములు కలవు. అంకెల వెలుగును, పైమెరుగును చూచి కొనువారే ఎక్కువ. అయితే గేజి మంచిచెడ్డలు దాని ముఖమున లేవు. అది చూపు అంకె ఎట్లు పుట్టినదో తెలిసినగాని వాటిని నిర్ణయింప వీలులేదు.

పాళ్ళ లెక్క

పెట్రోలులోని పదార్థములలో ఆక్టేను ఒకటి. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండుటకు 400 గ్రాముల ఆమ్లజని, అనగా ఆక్సిజన్, కావలెను. గాలి బరువులో ఆమ్లజని సుమారు 23.2 శాతము. కనుక 400 గ్రాముల ఆమ్లజని కొరకు సుమారు 1,724 గ్రాముల గాలి పట్టును. దీనిని 114 చేత భాగించిన 15.1 వచ్చును. పెట్రోలు ఒకే పదార్థము కాదు, అనేక హైడ్రోకార్బనుల కలయిక. అందుచే ఆచరణలో ఈ సంఖ్యను 14.7గా తీసికొందురు. ఒక కిలో పెట్రోలునకు 14.7 కిలోల గాలి సరి నిష్పత్తి అన్నమాట. గాలి ఇంతకన్న ఎక్కువైనచో అది పలుచని మిశ్రమము, తక్కువైనచో చిక్కని మిశ్రమము.

ఇంజనులో వాస్తవముగా ఉన్న నిష్పత్తిని సరి నిష్పత్తిచే భాగించగా వచ్చు సంఖ్యకు 'లాంబ్డా' అని పేరు. సరి నిష్పత్తి వద్ద లాంబ్డా 1. టర్బో అమర్చిన పెట్రోలు ఇంజను పూర్తి బలముతో లాగునపుడు లాంబ్డాను సుమారు 0.8 వద్ద ఉంచుట వాడుక. అదనముగా చేరిన పెట్రోలు ఆవిరియగుచు లోపలి వేడిని తగ్గించును. ఆ స్థితిలో మిశ్రమము పలుచబడినచో వేడి పెరుగును. మంట చేరకమునుపే మిగిలిన మిశ్రమము తనంతట తాను భగ్గున పేలును. ఆ దెబ్బలు కొద్ది క్షణములలోనే పిస్టనును పాడుచేయగలవు.

సెన్సారు ఎరిగిన దేమి?

గేజి గాలిని గాని, పెట్రోలును గాని తూచదు. పొగగొట్టములో సాగు వాయువులలోని ఆమ్లజనిని మాత్రమే పసిగట్టును. ఈ పని చేయునది జిర్కోనియా అను పింగాణివంటి పదార్థము. బాగుగా వేడెక్కినపుడు దానిగుండా ఆమ్లజని అయానులు ప్రయాణము చేయును. దాని ఇరువైపుల ఆమ్లజని హెచ్చుతగ్గుగా ఉన్నచో వోల్టేజి పుట్టును. జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో తెలిపిన సమీకరణమే దీనికి ఆధారము. బాష్ కంపెనీవారి సెన్సారు 1976లో వోల్వో కార్లతో వాడుకలోనికి వచ్చినది. ఆ పాతరకము సెన్సారు మిశ్రమము చిక్కనైనచో 0.9 వోల్టు దాపున, పలుచనైనచో 0.1 వోల్టు దాపున చూపును. ఎంత చిక్కన, ఎంత పలుచన అన్నది సరిగా చెప్పజాలదు. జ్వరము కలదనియో, లేదనియో చెప్పి, ఎన్ని డిగ్రీలో చెప్పని థర్మామీటరు వంటిది అది.

వైడ్‌బ్యాండు సెన్సారు ఈ లోపమును చమత్కారముగా తీర్చినది. అందు జిర్కోనియా ఘటములు రెండు. ఒకటి చిన్న కుహరములోని ఆమ్లజనిని కనిపెట్టుచుండును. రెండవది పంపువలె పనిచేసి, ఆ కుహరము ఎల్లప్పుడును సరి నిష్పత్తి వద్దనే ఉండునట్లు ఆమ్లజనిని వెలికి తోడును, లేదా లోనికి తెచ్చును. ఇందుకు పట్టిన విద్యుత్ప్రవాహమునుబట్టి లాంబ్డా తెలియును. త్రాసు ముల్లు నిలుచువరకు పళ్ళెములో తూనికరాళ్ళు వేసి, ఆ రాళ్ళను లెక్కించుట వంటిదే ఈ పద్ధతి.

కనుక గేజి కనుగొన్నది లాంబ్డాను మాత్రమే. ముఖముమీద కనిపించు 14.7, 12 వంటి అంకెలు ఆ లాంబ్డాను ఒక స్థిర సంఖ్యచే గుణించి చూపినవి. ఇది చిన్న సంగతివలె తోచును. కాని చిక్కంతయు ఇక్కడనే కలదు. 46 గ్రాముల ఎథనాలు మండుటకు 96 గ్రాముల ఆమ్లజని చాలును. పై పద్ధతిని లెక్కకట్టినచో ఎథనాలునకు సరి నిష్పత్తి 9 మాత్రమే. భారతదేశమున పెట్రోలులో కలుపు ఎథనాలు 2025లో 20 శాతమునకు చేరినది. ఈ మిశ్రమ ఇంధనమునకు సరి నిష్పత్తి సుమారు 13.5.

ఇప్పుడొక ఇంజను 0.8 లాంబ్డాతో సక్రమముగా నడచుచున్నదనుకొందము. 14.7తో గుణించు గేజి 11.8 అని చూపును. 13.5తో గుణించు గేజి 10.8 అని చూపును. రెండును నిజమే చెప్పుచున్నవి. కాని పెట్రోలు పట్టికలలో 11.8 అని చదివినవాడు రెండవ గేజిని చూచి, మిశ్రమము మితిమీరి చిక్కనైనదని తలచి, అంకె 11.8 అగువరకు ఇంధనమును తగ్గించినచో లాంబ్డా 0.87కు పోవును. పూర్తి బలముతో లాగు టర్బో ఇంజనునకు ఇది ప్రమాదకరము. లాంబ్డానే నేరుగా చూపు గేజితో ఈ పొరపాటునకు తావులేదు. ఇంధనము ఏదైనను సరి నిష్పత్తికి గుర్తు 1.

రెండు గేజిల తారతమ్యము

కాలిఫోర్నియా కంపెనీలు రూపొందించిన రెండు గేజిలను పోల్చి చూడవచ్చును. ఒకటి ఏ.ఇ.ఎమ్. ఎక్స్‌–సీరీస్, రెండవది ఇన్నొవేట్ ఎమ్.టి.ఎక్స్.–ఎల్ ప్లస్. రెండును 52 మిల్లీమీటర్ల గేజిలే. రెంటికిని బాష్ ఎల్.ఎస్.యు. 4.9 సెన్సారే. రెంటిని లాంబ్డా చూపునట్లు అమర్చుకొనవచ్చును. భేదమంతయు సెన్సారును నడుపు తీరులో కలదు.

ఇన్నొవేట్ గేజి సెన్సారును ఆరుబయటి గాలిలో ఉంచి సరిచూచుకొనవలెను. సెన్సారు పాతబడుకొలది వచ్చు మార్పును దీనివలన కొంత సవరింపవచ్చును. ఇది మెచ్చదగిన గుణము. అయితే పొగ, పెట్రోలు ఆవిరి నిండిన షెడ్డులో ఈ పని చేసినచో తప్పు గాలియే ప్రమాణమై, తరువాతి అంకెలన్నియు తప్పును. ఏ.ఇ.ఎమ్. గేజికి ఈ శ్రమ లేదు. కర్మాగారమున సెన్సారు కనెక్టరులో అమర్చిన నిరోధకమును అది నమ్మును. కొత్తవారికి ఇదియే మేలు. కాని సెన్సారు ముసలిదైనపుడు దానిని మార్చుట తప్ప వేరు ఉపాయము లేదు.

గేజి అంకెను ఇంజను కంప్యూటరునకు పంపుటలో మరియొక భేదము కలదు. వోల్టేజి రూపమున పంపునపుడు ఏ.ఇ.ఎమ్.లో ఒక వోల్టు 2.375 పాళ్ళకు, ఇన్నొవేట్‌లో సుమారు 3 పాళ్ళకు గుర్తు. గేజికిని కంప్యూటరునకును ఎర్తు వేరువేరు చోట్ల కలిపినందున 0.1 వోల్టు తేడా వచ్చినచో మొదటిదానిలో 0.24, రెండవదానిలో 0.3 మేరకు అంకె తప్పును. ఎక్స్‌–సీరీస్ గేజి 'క్యాన్' మార్గమున అంకెను అంకెగానే పంపగలదు. ఆ దారిలో ఈ దోషము అంటదు. ఇన్నొవేట్‌లోను సీరియల్ మార్గము కలదుగాని, నేటి ఇంజను కంప్యూటర్లకు క్యాన్ మార్గమే ఎక్కువ అలవాటు. ఈ విషయమున ఎక్స్‌–సీరీస్‌దే పైచేయి.

దశాంశముల మాట కూడ విచారింపదగినది. కొత్త ఎల్.ఎస్.యు. 4.9 సెన్సారు 0.8 లాంబ్డా వద్ద 0.01 మేరకు అటునిటు తప్పవచ్చునని తయారీదారులే తెలిపినారు. పెట్రోలు పాళ్ళలో ఇది సుమారు 0.15. కాబట్టి ఏ గేజియైనను 11.76 అని చూపినచో చివరి 6 వట్టి అలంకారమే.

ఏ గేజియైనను మోసపోవు తావులు

ఎంత ఖరీదైన గేజియైనను కొన్నిచోట్ల తప్పుదారి పట్టును. చిక్కని మిశ్రమము సిలిండరులో అంటుకొనక అట్లే వెలికిపోయినచో, అందలి ఆమ్లజని పొగగొట్టమును చేరి, గేజి పలుచన అని చూపును. దానిని నమ్మి ఇంకను పెట్రోలు పెంచినచో దోషము ముదురును. సెన్సారునకు ముందు గొట్టమునకు బెజ్జము పడి బయటిగాలి చొరబడినను ఇదే ఫలితము. నాలుగు సిలిండర్ల వాయువులు కలిసిన తావున ఉన్న ఒక్క సెన్సారు సగటును మాత్రమే చెప్పును. మూడు చిక్కగా, ఒకటి పలుచగా మండుచున్నను అంకె బాగుగానే ఉండవచ్చును. సీసము కలిసిన పందెపు పెట్రోలు సెన్సారును త్వరలో చెరచును. టర్బోకు ముందు అమర్చినచో ఎక్కువ వేడి, ఒత్తిడి తగులును. కనుక టర్బో దాటిన తరువాత, నీరు నిలువకుండ పైకి వాలునట్లు బిగింపవలెను.

ఈ విచారణనుబట్టి, క్యాన్ మార్గము గల కంప్యూటరు ఉన్నవారికి ఎక్స్‌–సీరీస్ తగును. సెన్సారును అప్పుడప్పుడు ఊడదీసి శ్రద్ధగా సరిచూచుకొను ఓపిక గలవారికి ఇన్నొవేట్ కూడ మంచిదే. మూడవదేదైనను కొనదలచినవారు దుకాణదారుని మొదట అడుగవలసిన ప్రశ్నలు మూడు: లాంబ్డా చూపునా? లేనిచో ఏ సంఖ్యతో గుణించును? సెన్సారు ఏ రకము? వీనికి సమాధానము దొరకనిచో ధర ఎంత తక్కువైనను ఆ గేజి విడువదగినదే. పదవ తరగతి విద్యార్థికి ఆక్టేను, ఎథనాలుల సమీకరణములు వ్రాయుట వచ్చినచో రెండవ ప్రశ్నకు వచ్చిన సమాధానము సరియైనదో కాదో కాగితముమీదనే తేల్చుకొనగలడు.