శ్రీనాథుని పల్లెవాసము

శ్రీనాథమహాకవి పల్లెనాటిసీమను గుఱించి చెప్పెనని ప్రసిద్ధిగాంచిన చాటుపద్యములను ఎఱుఁగని విద్యార్థి ఆంధ్రదేశమున నరుదు. పాఠశాలలలో నవి హాస్యమునకు దృష్టాంతములుగాఁ జదువఁబడుచున్నవి. రాళ్లు, వాడవాడకు వెలసిన చిన్నవేల్పులు, ఒక యేటి నీరు, మెట్టధాన్యముల తిండి, విషజంతువులు, ఇంతియే పల్నాఁడని యొక పద్యము. ఉపాధ్యాయుఁడు దానిని రాగయుక్తముగాఁ జదువును, పిల్లలు నవ్వుదురు. గురజాలలోనో, మాచర్లలోనో, కారెంపూడిలోనో ఆ పాఠము జరిగినప్పుడు పిల్లలు తమ యింటి కూటిని జూచియే నవ్వుచున్నారని యాతనికిఁ దోఁపదు. ఇదే కవి కడపటి దినములలో బొడ్డుపల్లె యను గ్రామమును గుత్తకుఁ గొని, పంట పోఁగొట్టుకొని చెప్పెనను పద్యము వేఱొకచోటఁ గరుణరసమునకు దృష్టాంతముగాఁ జదువఁబడును. రెంటిని ఒక్కచోటఁ జేర్చి పరిశీలించినవారు తక్కువ. పట్టణమునుండి పల్లెకుఁ బోయిన మనుష్యుని భాష యెట్లు మాఱునో తెలిసికొనుటకు వీనికంటె మంచి యుదాహరణము తెలుఁగున దొరకుట కష్టము.

కొండవీటి పెదకోమటి వేమారెడ్డి (1402-1420) యాస్థానమున విద్యాధికారియై, పిదప విజయనగరమునఁ బ్రౌఢదేవరాయల సభలోఁ గనకాభిషేకము నందిన కవి శ్రీనాథుఁడు. కస్తూరికై దొరల నాశ్రయించినట్లు చాటువులు గల భోగి. అట్టివాఁడు నాగులేటి యొడ్డున జొన్నకూటి ముందుఁ గూర్చుండుటయే హాస్యమునకు మూలము. ఆ హాస్యమున సగము కవిమీఁదనే పడుచున్నది. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదిని పల్నాడు జిల్లా యేర్పడినప్పుడు కొండవీడును, గురజాలయు నొక్క జిల్లాలోనివే యైనవి. కవి నాఁటికి మాత్రము కొండవీటి నగరికిని పల్లెనాటి చేలకును నడుమ నొక లోకము వ్యవధానమున్నది.

మొదటి పద్యమును వ్యాకరణదృష్టితోఁ జూడవలెను. అందు సమాపకక్రియ యొక్కటియు లేదు. తెలుఁగునఁ గ్రియలేని వాక్యము దోషము గాదు. నామమే విధేయమై నిలుచుట మన భాషకు సహజము. కాని పద్యమంతయుఁ బ్రథమాబహువచనముల వరుసగా నుండుట యాదృచ్ఛికము గాదు. బండిలోఁ బోవువాఁడు దారికిరువంకలఁ గనఁబడినవానిని లెక్కించుచుఁ బోయినట్లున్నది. లెక్కించువానికిఁ గ్రియతోఁ బనిలేదు. ఇంతకంటె గమనింపవలసిన దింకొకటి గలదు. ఆ పట్టికలో మనుష్యుఁ డొక్కఁడును లేఁడు. దేవుళ్లు గలరు, తేళ్లు గలవు. ఆ దేవుళ్లకు మ్రొక్కినవాఁడును, ఆ తేలు కుట్టినవాఁడును లేఁడు. కూడు గలదు, వండినది లేదు.

దీనికొక యాక్షేపము రాఁగలదు. రసికుఁడైనవాఁడు పల్నాటికిఁ బోఁడని ప్రారంభించు మఱియొక చాటువునఁ గ్రియలు సమృద్ధిగా నున్నవి గదా యని. నిజమే. అప్సరసకైనను నూలు వడుకుట తప్పదనియు, రాజైనను నాఁగలి పట్టవలసినదే యనియు, మన్మథునకైనను జొన్నయన్నమే గతి యనియు నందుఁ జెప్పఁబడినది. అయితే యా క్రియలకుఁ గర్తలెవ్వరు? రంభ, రాజు, మన్మథుఁడు. ‘ఐన’ యను శబ్దముచేత సంభావనగాఁ దెచ్చుకొన్న కర్తలే గాని పల్నాటివారు గారు. నిజముగా వడుకు స్త్రీ, నిజముగా దున్ను కాఁపు మరలఁ బద్యమునకు వెలుపలనే యున్నారు. ఇఁక మొదటి క్రియ వ్యతిరేకార్థకము. రసికుఁ డచ్చటికిఁ బోఁడు. పోనివాని దృష్టితోనే పద్యమంతయు నడచుచున్నది.

పరిహాసమునకుఁ జెప్పిన యీ పద్యము కాలక్రమమున స్తుతిగా మాఱినదను సంగతియు నిచ్చటఁ జెప్పవలసియున్నది. సోమరి లేని దేశమని యర్థము చెప్పుకొన్నచో నందు నిందయేమున్నది? రాజు నాఁగలి పట్టుట జనకుని కథ యెఱిఁగినవారికి వింత గాదు. సహాయనిరాకరణోద్యమ కాలమున రాట్నము వడుకుట గౌరవచిహ్నమైనది. ఆ దినములలోనే పల్నాటి కాఁపులు అడవిపుల్లరి నెదిరించి, 1922వ సంవత్సరము ఫిబ్రవరిలోఁ గన్నెగంటి హనుమంతుని ప్రాణమును గోల్పోయిరి. అప్పటి పాఠకున కా చాటువునందలి నూలు వడుకుట నవ్వు పుట్టింపఁజాలదు.

పల్లెను జూచి నవ్వుట శాస్త్రసమ్మతమా యని విచారించినచో వ్యాకరణము వేఱుదారిఁ జూపుచున్నది. పాణిని నాలుగవ యధ్యాయము రెండవ పాదమున గ్రామశబ్దముమీఁద రెండు ప్రత్యయములను విధించి గ్రామ్య, గ్రామీణ రూపములను సాధించినాఁడు. అక్కడ నిందార్థ మేమియు లేదు. ఆ పాదముననే నగరశబ్దము వచ్చినప్పుడు మాత్రము నిందయందును, నేర్పునందును వేఱు ప్రత్యయమును జెప్పినాఁడు. నాగరకులు చోరులుగా నుందురు, నేర్పరులుగాను నుందురని కాశికాకారుని యుదాహరణముల తాత్పర్యము. గ్రామ్యమును దోషములలోఁ జేర్చినవారు పిమ్మట వచ్చిన యాలంకారికులు. పాఠశాలలకు వారి మాట చేరినది, పాణిని మాట చేరలేదు.

పట్టణవాసి పల్లెకుఁ బోయి యెట్లుండవలెనో చెప్పినవాఁడు వాత్స్యాయనుఁడు. నాగరకవృత్తమును వర్ణించిన పిమ్మట, గ్రామమున నుండువాఁడు కుతూహలము గల తనవారికి నగరపు నడవడిని వర్ణించి చెప్పి, వారికి దానియందు శ్రద్ధ పుట్టించి, తానును దాని ననుకరింపవలెనని విధించినాఁడు. అనఁగా నూరు మాఱినను వేషము మాఱరాదు. ఇందులకు విరుద్ధముగా మనువు వానప్రస్థునకు నాఁగటిచాలునఁ బండినదానిని దినరాదని శాసించినాఁడు. ఒరులు పాఱవేసినదియైనను గూడదు. ఒకఁడు పల్లెకు నగరమును మోసికొనిపోవును, ఇంకొకఁడు పల్లెను దాఁటి యడవికిఁ బోవును. పట్టణము విడిచి చాలు దున్నుకొని బ్రదుకఁ బోవువానికి వీరిరువురియందును మార్గము లేదు. శ్రీనాథుఁడు తుదకు నడచినది ఆ మూఁడవదారి.

కొండవీటిరాజ్య మంతరించెను, రాజమహేంద్రవరమునఁ గాశీఖండమును గైకొన్న వీరభద్రారెడ్డియుఁ గీర్తిశేషుఁ డయ్యెను. అటుపిమ్మట కవి కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకుఁ దీసికొనెననియు, పంట నష్టమై 700 టంకములు చెల్లింపలేక శిక్షకుఁ బాల్పడెననియు సంప్రదాయము. బొడ్డుపల్లె పల్నాటిలోనిదని చెప్పుటకు వీలులేదు. కృష్ణ మాత్రము రెండు పద్యలోకములకు నుమ్మడి; పల్నాటి కుత్తరపుటెల్ల యా నదియే.

ఈ సంప్రదాయమునకు మూలమైన సీసపద్యపు నిర్మాణము మిక్కిలి పరీక్షింపఁదగినది. సీసపాదములు నాలుగింటను కవి నాలుగు బిరుదులతోఁ బేర్కొనఁబడినాఁడు: కవిరాజు, సార్వభౌముఁడు, నైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుఁడు. కాని యా నాలుగును షష్ఠ్యర్థముననే యున్నవి. కంఠము కవిరాజుది, భుజము సార్వభౌమునిది, పాదములు నైషధకర్తవి, ముంజేయి విద్వాంసునిది. కర్తలు వేఱు. మెడకు వేసిన దండ, భుజముపై నెత్తిన గుండు, కాళ్లసంకెల, చేతి వెదురుబద్ద, ఇవి కర్తృపదములై కౌఁగిలించుట, ఎక్కుట, వియ్యమందుట మొదలగు పనులు చేయుచున్నవి. రాజసభలో నీ బిరుదులను ధరించినవాఁడు ఎదురెండలో వీథిని నిలిచినప్పు డా బిరుదులు శిక్షలకుఁ దగిలించు కొక్కెములైనవి. పల్నాటి పద్యమున లేని మనుష్యశరీర మిక్కడ మెడ, భుజము, కాలు, చేయిగా వచ్చి చేరినది. అది పరుని శరీరము గాదు, కవిదే.

తరువాత గీతమునకు వచ్చినతోడనే బిరుదులన్నియు రాలిపోయినవి. ఏఱు పంటను గొనిపోయినది, పిట్టలు నువ్వులను పెసలను దినిపోయినవి. ఇవి మెట్టపైరులే, వీనిని వేసినవాని కొకనాఁడు మెట్టధాన్యము హాస్యాస్పదము. ఇక్కడ నదిని గవి పేర్కొన్న తీరు చూడవలెను. ‘అమ్మ’ యని చేర్చి పిలిచినాఁడు. నైషధకర్తకు నదీపర్యాయములకుఁ గొదవయా? తరంగిణి యనవచ్చును, స్రవంతి యనవచ్చును. చేను ముంచిన యేటిని అమ్మ యనుట పంటకాఁపు మాట. వరద తీసినవెనుక గట్టుమీఁద నిలిచి చూచువాఁ డట్లే యనును, తిట్టుచున్నప్పుడును అట్లే యనును. గుత్తకుఁ గొన్న యా కాలములో శ్రీనాథుఁడు మఱేమి సంపాదించినను సంపాదింపకున్నను ఆ యొక్కమాటను సంపాదించినాఁడు.

మూఁడవ పాదమున నుత్తమపురుషైకవచనము వచ్చుచున్నది: తాను మోసపోయినానని. ఎవ్వరి చేత? తృతీయాంతము లేదు. నది మోసగించెననలేదు, ఊరు మోసగించెననలేదు, దొరయు మోసగించెననలేదు. పల్నాటిచాటువులలోఁ దప్పంతయు నూరిదే. తనకు గిట్టనివన్నియు నూరి లక్షణములే. ఇక్కడఁ గ్రియయు నాతనిదే, తప్పును నాతనిదే. అతిథియై వచ్చినవాఁడు మఱునాఁడు లేచిపోఁగలఁడు గనుక నామములతో సరిపెట్టును. గుత్తకట్టినవాఁడు పంటచేతికి వచ్చుదాఁకఁ గదలలేఁడు. వానికి క్రియలు గావలెను.

ఈ చాటువులు శ్రీనాథునివే యని నిర్ధారణము చేయ లిఖితప్రమాణములు బలవంతములు గావు. చాటువు నోటినుండి నోటికిఁ బాఱునది. రుచించిన పద్యమునెల్ల శ్రీనాథునిఖాతాలో వేయుట మనవారి యలవాటు. కాని యొకటి చెప్పవచ్చును. పల్లెను నిందించిన పద్యమును, పల్లెలో దెబ్బతిన్న పద్యమును ఒక్కని కథలోనే చేర్చి చెప్పుకొన్న జనులు, ఆ రెండవది మొదటిదానికి ప్రత్యుత్తరమని యెఱిఁగియే చేర్చియుందురు. పోతన నాఁగటికిని శ్రీనాథుని పల్లకికిని పోటీపెట్టిన కథ చరిత్రకు నిలువదు. అయినను పండితులు దానినే మక్కువతోఁ జెప్పుదురు. పల్లకి దిగినవాఁడు కడకు నాఁగటినే నమ్ముకొనెనను సంగతి మఱతురు.

పల్నాటివీరచరిత్రము ద్విపదను మాచర్ల చెన్నకేశవునిపేర రచించినవాఁడును శ్రీనాథుఁడే యని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని వెలువరించిననాఁటినుండి విద్వల్లోకమున దానిపైఁ జర్చ గలదు. ఆ కథలో రాళ్లకంటె మనుష్యులే యెక్కువ. కోడిపందెమున నోడి మాచర్లవారు రాజ్యము విడిచి పసులమందలతోఁ బరదేశమున నుండుట, ఆ మందలపైఁ బగవారు పడుట, వీరగాథాసంప్రదాయమునఁ బెద్దఘట్టములు. కోటలోనివారు మందకొట్టమునకు వచ్చిన కథ యది. కార్తికమాసమునఁ గారెంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతులు పాడఁగా వినువారి కది చరిత్రమో కావ్యమో యను సందేహమే కలుగదు. కవి పల్నాటిలో వెదకవలసినది ఏటియొడ్డున నుండఁగా నాతఁ డా చాటువులలో రాళ్లనే లెక్కపెట్టినాఁడు. పాట విన్నపిమ్మట మనుష్యులు కనఁబడినారు.

దాహమునకుఁ దాళలేక గంగను విడువుమని శివుని వేఁడిన చాటువు మఱియొకటి యీ వరుసలోనిదే. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదిని శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4వ తేదినిఁ గాలువలకు నీరు వదలినపిమ్మటఁ బల్నాట వరియు మిరపయు విస్తరించినవి. కవికి విసుగు పుట్టించిన నాపరాళ్లు పట్టణపుటిండ్ల నేలలైనవి. పిడుగురాళ్ల సున్నము దేశమంతట గోడలకెక్కినది. జొన్నసజ్జల విషయము మఱియు విచిత్రము. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగాఁ బ్రకటించెను. ఇప్పుడు నగరములలో వైద్యుఁడు చెప్పఁగా జొన్నరొట్టె తినువారు పెక్కురు.

పట్టణమున ధనము గడించి పల్లెపట్టున నెకరమో రెండెకరములో కొని, ప్రహరి కట్టి, నాలుగు మామిడిమొక్కలు నాటి, సెలవుదినములలో వచ్చి పోవు నలవాటు నేఁడు ప్రబలినది. దానిని ఫారంహౌసందురు. వారు కట్టుకొన్నది వాత్స్యాయనుని గ్రామవాసి యిల్లు. ఆ ప్రహరికి బయటనే కౌలుకుఁ బ్రత్తియో మిరపయో వేసి, వాన తప్పినను కౌలు చెల్లింపవలసినవాఁ డుండును. సెలవుదినపు వర్ణనలలో నీలాకాశము, పచ్చికబయలు, పక్షికూజితములు వరుసగా వచ్చును, అన్నియుఁ బ్రథమాంతములే. ఆ పక్షులే పెసలు తినునని వ్రాసినవారు కనఁబడరు.

పల్నాటి పాఠశాలలలోని పండితులైనను ఈ పద్యములను వేఱుచేయక, మొదటిదానిని జదివిననాఁడే రెండవదానిని జదివించుట మంచిది. హాస్యము, కరుణము అను రసవిభాగము పరీక్షకుఁ జాలును. కర్త యెవఁడు, క్రియ యేది, ‘అమ్మ’ యని యెందుకన్నాఁడు అని యడిగినచో కారెంపూడి బాలుఁడే గురువుకంటె ముందుగా నుత్తరము చెప్పవచ్చును. టంకములు తుదకుఁ జెల్లెనో లేదో పద్యమునుబట్టి తెలియదు. ఎట్లు చెల్లింతునను ప్రశ్నతోనే యది నిలిచియున్నది.