మిల్లు జాగ, ఎంగిలి దారం

బొంబాయి మిల్లు భూముల మీద నడిచిన వాదనలో రెండు పక్షాలే పైకి కనిపించినయి. ఉత్తగ పడివున్న జాగను అమ్మితేనే నగరం బాగుపడుతదన్నది యజమానుల పక్షం. అది కార్మికుల చెమట తాగిన నేల అన్నది యూనియన్ల పక్షం. మన మేధావులు రెండో పక్షాన నిలబడ్డరు. నిలబడవలసిందే. కాని ఆ 'కార్మికుడు' ఎవడు? మిల్లులో ఏ విభాగంలో పనిచేసిండు?

1982 జనవరిలో సుమారు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగిండ్రు. మిల్లుల కింద దాదాపు 600 ఎకరాల భూమి ఉండె. 1991 నిబంధన దాన్ని సుమారుగా మూడు వాటాలు చేసింది: బహిరంగ స్థలాలకు ఒకటి, ప్రభుత్వ గృహనిర్మాణానికి ఒకటి, యజమానికి ఒకటి. 2001 సవరణ మాత్రం పంచాల్సింది కట్టడాల్లేని ఖాళీ జాగనే అన్నది. షెడ్ల కింది నేల యజమానికే మిగిలింది. 2006లో సుప్రీంకోర్టు సరేనన్నది.

ఆ షెడ్లలో కులం ఎట్ల పనిచేసిందో చూడాలె. జీతం ఎక్కువుండేది నేత విభాగంలో. కండె మార్చినప్పుడల్లా నేతగాడు నాడె రంధ్రానికి నోరు పెట్టి దారాన్ని పీల్చాలె. అంటరానివాడి ఎంగిలి తగిలిన నాడెను ముట్టమన్నరు సవర్ణ కార్మికులు. అంతే, దళితుడు తక్కువ కూలి దొరికే నూలు విభాగం దాటలేదు. 1928 సమ్మెలో అన్ని విభాగాలూ దళితులకు తెరవాలన్న డిమాండు చేర్చకుంటే మావాళ్ళను సమ్మెకు రావద్దంటానని అంబేడ్కర్ హెచ్చరించాడు. నాయకులు అయిష్టంగానే చేర్చిండ్రు. ఇందులో మా తప్పేమీ లేదని యజమానులు అనగలిగిండ్రు. దోపిడీదారు నోట వచ్చినా ఆ మాట అబద్ధం కాదు. వర్గ ఐక్యత గురించి రాసేవాళ్ళు ఇక్కడ కొంచెం ఆగాలె.

మన దిక్కు నుంచి పోయిన పద్మశాలీలు అక్కడ సాంచాల మీద బతికిండ్రు. తెలుగు కామాటీల పేరు మీద కామాఠీపురా వెలిసింది. మన వలస వ్యాసాలు మాత్రం అందరినీ కలిపి 'తెలంగాణ కూలీ' అని ఒక్క ముద్ద చేస్తయి. సాంచా ముట్టనిచ్చిన కులమేది, ముట్టనియ్యని కులమేది అని విడదీసి చూడవు.

మూడు వాటాల లెక్కలో దళితునికి దళితునిగా ఏమీ రాలేదు. దాదర్ ఇందూ మిల్లులో 2011 డిసెంబర్ 6న జనం గేట్లు దాటి లోపలికి పోయిండ్రు. ఆ తర్వాతనే, 2012లో, అంబేడ్కర్ స్మారకానికి పన్నెండున్నర ఎకరాలు ఇస్తామని కేంద్రం ఒప్పుకున్నది. 2015లో శంకుస్థాపన జరిగింది. 2020లో పీఠంతో కలిపి విగ్రహం ఎత్తును 450 అడుగులకు పెంచిండ్రు. ఎత్తు మీద నాకు తగాదా లేదు. అయితే అది ఒకప్పటి బట్టల మిల్లు. బాబాసాహెబ్ కొట్లాడింది అసొంటి మిల్లుల్లో పని కోసమే. అక్కడ ఒక పాత నాడెను కూడా పెట్టాలె, నోరు పెట్టి పీల్చే రంధ్రం కనబడేటట్టు.